అమలాపురం, భీమవరం జిల్లా సేవలు: ఏవి దగ్గరయ్యాయి, ఏవి ఇంకా కాకినాడ, ఏలూరుల్లోనే ఉన్నాయి

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గోదావరి డెల్టా వాటాకి వచ్చినవి అమలాపురం కేంద్రంగా కోనసీమ, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి. చిత్రమేమిటంటే, పాత జిల్లా కేంద్రాలు రెండూ పేరు పోగొట్టుకున్నాయి. తూర్పు గోదావరి అన్న పేరు కాకినాడని వదిలి రాజమహేంద్రవరం పోయింది, పశ్చిమ గోదావరి అన్న పేరు ఏలూరుని వదిలి భీమవరం వచ్చింది. రాజోలు కుర్రాడు ఆన్‌లైన్ ఫారంలో అలవాటు కొద్దీ తూర్పు గోదావరి ఎంచుకుంటే కింద తన మండలమే కనపడదు. కోనసీమ కోసం వెతికినా దొరక్కపోవచ్చు. 2022 ఆగస్టులో ఖరారైన పూర్తి పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ కాబట్టి కొన్ని సైట్లలో అది ‘డి’ అక్షరం కింద ఉంటుంది.

దీన్ని ఒక సర్వీసుగా తీసుకుని మార్కులు వేస్తే: ఊళ్లో, మండలంలో అయ్యే పనులకి 5కి 4. కలెక్టరేటుకి 3. భూమి పనులకి 2. జిల్లా పరిషత్తు, కోర్టు, సహకార బ్యాంకు లాంటి వాటికి మార్కులు వేసే పనే లేదు, ఎందుకంటే అవి విభజనతో కదల్లేదు. ఇంత తేడాకి సిబ్బంది మంచీచెడ్డా కారణం కాదు. మీ పని ఏ చట్టం కింద నడుస్తుందో దాన్నిబట్టే కొత్త జిల్లా మీకు దగ్గరో దూరమో తేలుతుంది. జిల్లా హద్దు గీసింది ఒక నోటిఫికేషన్. జడ్పీ నిలబడేది పంచాయతీరాజ్ చట్టం మీద. ఉద్యోగి కేడరు రాష్ట్రపతి ఉత్తర్వు మీద. కాలవ ఇంజనీరుకైతే జిల్లా హద్దుతో పనే లేదు, నీరు పారే దారే ఆయన హద్దు. నాలుగు తాళాలున్న గదికి 2022లో తిప్పింది ఒక్క తాళం.

హద్దు ఎలా గీశారు

ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం 1974లో 3వ సెక్షన్ ఉంది. కొత్త జిల్లా పెట్టాలన్నా, హద్దు జరపాలన్నా, పేరు మార్చాలన్నా ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే చాలు. శాసనసభ ఓటు అక్కర్లేదు. ముందు ముసాయిదా ప్రకటించి, ఆ ప్రాంతం వాళ్ల అభ్యంతరాలకి 30 రోజులు ఇవ్వాలి, అంతే. 2022 జనవరి ఆఖర్లో ముసాయిదా వచ్చింది, ఏప్రిల్ మొదటి వారానికి జిల్లాలు పనిలోకి దిగాయి. కొలబద్ద లోక్‌సభ నియోజకవర్గం. 25 నియోజకవర్గాల్లో అరకుని మాత్రం రెండు చేస్తే 26.

లోక్‌సభ గీత ఓటర్ల లెక్కకి గీసింది, పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) టైముకి గీసింది కాదు. అమలాపురం లోక్‌సభలో గోదావరి గౌతమి పాయకి అవతలున్న రామచంద్రపురం, మండపేట కూడా ఉన్నాయి. రామచంద్రపురం వాళ్లకి కాకినాడ పక్కనే. అమలాపురం రావాలంటే యానాం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కాలి, లేదా కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగాలి, లేదా రావులపాలెం చుట్టు తిరగాలి. అందుకే ఆ వైపు నుంచి మమ్మల్ని కాకినాడలోనో రాజమండ్రిలోనో కలపండన్న మాట మొదట్నుంచీ ఉంది. వశిష్ఠ పాయ దగ్గరా ఇదే కథ. సఖినేటిపల్లి వాళ్ల బజారు, ఆసుపత్రి అవతలి ఒడ్డున నరసాపురంలో, జిల్లా ఆఫీసు మాత్రం అమలాపురంలో. ఇక నరసాపురం సంగతి చెప్పక్కర్లేదు. లోక్‌సభ పేరు దానిది, జిల్లా కేంద్రం భీమవరానిది. ఆందోళనలు జరిగినా కేంద్రం మారలేదు.

ఈ అధికారం ఎంత వదులుగా ఉందో తెలియాలంటే అమెరికాతో పోల్చి చూడాలి. ప్రభుత్వ సంస్థల్ని కలపడానికీ విడదీయడానికీ అక్కడి కాంగ్రెస్ అధ్యక్షుడికి గడువు పెట్టి మరీ అధికారం ఇచ్చేది. 1939 చట్టం కింద రూజ్‌వెల్ట్ పంపిన మొదటి ప్రణాళికతో అధ్యక్షుడి కార్యనిర్వాహక కార్యాలయం పుట్టింది. 1949 చట్టం కింద నిక్సన్ 1970లో పంపిన 3వ నంబరు ప్రణాళికతో పర్యావరణ పరిరక్షణ సంస్థ వచ్చింది. 1949 చట్టం పద్ధతి ఏమిటంటే, ప్రణాళిక అందాక 60 రోజుల్లో ఒక్క సభ కాదన్నా అది ఆగిపోతుంది, రెండు సభలూ ఊరుకుంటే అమలైపోతుంది. 1983లో చద్దా కేసులో అక్కడి సుప్రీంకోర్టు, సభ ఒంటరిగా వేసే ఇలాంటి వీటో రాజ్యాంగానికి పొసగదంది. దాంతో 1984లో పద్ధతి తిరగేశారు: ఉభయ సభలూ ఔనని తీర్మానించి అధ్యక్షుడు సంతకం పెడితేనే అమలు. ఆ ఏడాది డిసెంబరు 31తో ఆ అధికారానికి గడువే తీరిపోయింది. 2012లో ఒబామా మళ్లీ ఇమ్మని అడిగితే కాంగ్రెస్ ఇవ్వలేదు.

మన 1974 చట్టంలో గడువూ లేదు, సభ అడ్డూ లేదు. ఊరి జనానికి అభ్యంతరం చెప్పే హక్కు మాత్రం ఉంది, అదీ 30 రోజులు. కాబట్టి దాన్ని సరిగా వాడుకోవడం తెలియాలి. అభ్యంతరం కలెక్టరుకి రాతపూర్వకంగా, గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి గడువు లోపల అందాలి, రశీదు తీసుకోవాలి. నోటిఫికేషన్ నంబరు, మండలం, గ్రామం పేర్లు గెజిట్‌లో ఉన్నట్టే రాయాలి. మా మనోభావాలు దెబ్బతిన్నాయి అని రాసిన పేజీలకన్నా, ఫలానా ఊరి నుంచి జిల్లా కేంద్రానికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బస్సులు మారాలి, వరదల్లో పంటు ఆగితే దారేది, ఆర్డీఓ ఆఫీసు ఎటువైపు ఉంది అని రాసిన ఒక్క పేజీ బరువైనది. పంచాయతీ తీర్మానం జత చేస్తే ఇంకా మంచిది. ఒకే కాగితాన్ని వందమంది జిరాక్సు తీసి సంతకాలు పెట్టి ఇస్తే దాన్ని ఒక్క అభ్యంతరంగానే చూసే ప్రమాదం ఉంది. ఇంకో సంగతి: 2027 జనగణన కోసం 2026 జనవరి 1 నుంచి పాలనా హద్దులు స్తంభింపజేశారు. ఆ గడువు తీరేదాకా కొత్త గీతలు గీయడం కుదరదు.

సచివాలయం: ఎక్కువ మార్కులు ఇక్కడే

గ్రామ సచివాలయాలు మొదలైంది మన డెల్టాలోనే, 2019 అక్టోబరు 2న కరపలో. రాష్ట్రం మొత్తానికి 15,004. అందులో గ్రామాలవి 11,162, పట్టణ వార్డులవి 3,842. ఇవి కూడా పుట్టింది చట్టంతో కాదు, 2019 జూలైలో వచ్చిన 110వ నంబరు జీవోతో. చట్టబద్ధత 2023లో గానీ రాలేదు. మధ్యలో దీనివల్ల ఏం జరిగిందో చూడండి. 2021 మార్చిలో 2వ నంబరు జీవో ఇచ్చి, పంచాయతీ కార్యదర్శి అధికారాల్లో కొన్నింటిని గ్రామ రెవెన్యూ అధికారికి (వీఆర్వో) బదలాయించారు. సర్పంచి చేతికింద ఉండాల్సిన పనిని జీవోతో రెవెన్యూ మనిషికి ఎలా ఇస్తారని కేసు పడింది, జూలైలో హైకోర్టు ఆ జీవో అమలు ఆపేసింది. ఆ నాలుగు నెలల్లో ఊళ్లో ఏ సంతకం ఎవరు పెట్టాలో తేలక కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. చట్టం ఒకరికిచ్చిన పనిని జీవోతో ఇంకొకరికి ఇస్తే ఇలాగే అవుతుంది.

అయినా కుల, ఆదాయ ధ్రువపత్రాల విషయంలో ఈ వ్యవస్థకి వంక పెట్టలేం. కారణం తేలిక: సంతకం పెట్టేది తహసీల్దారు, మండలం మారలేదు, జిల్లా ఏదైతేనేం. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు దగ్గర దరఖాస్తు పడితే వీఆర్వో విచారణ, ఆ పైన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్ఐ), చివర తహసీల్దారు డిజిటల్ సంతకం. ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల లిస్టు, తండ్రిదో తోడబుట్టినవాళ్లదో పాత కుల ధ్రువపత్రం జత చేస్తే విచారణ త్వరగా తేలుతుంది. ఆగిపోయేది ఎక్కువగా ఒక్క చోట. కాకినాడలో అద్దెకుంటూ అక్కడే కుల ధ్రువపత్రానికి పెడతారు. కులం విచారణ సొంతూళ్లో జరగాలి, అద్దె ఇంటి వీఆర్వోకి మీ తాతగారెవరో ఎలా తెలుస్తుంది? సొంత మండలంలోనే పెట్టాలి. 2022కి ముందు తీసుకున్న పత్రంలో తూర్పు గోదావరి అని ఉన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ఇచ్చిన నాటికి జిల్లా అదే కదా. ఆన్‌లైన్‌లో నంబరు సరిపోలక ఏదైనా సైటు తిప్పి పంపితే, పాత నంబరు చెప్పి మళ్లీ ప్రింటు తీయించుకోవచ్చు, కొత్తగా విచారణ పెట్టించుకోనక్కర్లేదు.

2025 జనవరిలో సిబ్బందిని జనాభా లెక్కన సర్దారు. 2,500 లోపు జనాభా ఉన్న చోట ఆరుగురు, 3,500 దాకా ఏడుగురు, ఆ పైన ఎనిమిది మంది. మొదట్లో పది పదకొండు మంది కూర్చున్న గదిలో కుర్చీలు ఖాళీగా కనపడితే కారణం అది. సర్వేయరు లాంటి వాళ్లు పక్క సచివాలయం పని కూడా చూడాల్సి వస్తే, మీ ఊళ్లో ఏ రోజు ఉంటారో ముందే అడిగి వెళ్లడం మేలు.

భూమి: సగం తిప్పలు ఇక్కడ పుడతాయి

డెల్టాలో పథకం రాలేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం భూమి రికార్డు. పింఛను, బియ్యం కార్డు లాంటి వాటికి పెట్టిన ఆరు అంచెల పరిశీలనలో మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు దాటకూడదని ఉంది. మెట్ట ఊళ్లలో పది ఎకరాల మనిషి లోపలుంటాడు. ఇక్కడ అంతా కాలవ కింద మాగాణే కాబట్టి మూడున్నర ఎకరాలున్నవాడు బయట పడతాడు. అంతకన్నా అన్యాయం ఇంకోటి. ఎప్పుడో అమ్మేసిన ఎకరం వెబ్‌ల్యాండ్‌లో (రెవెన్యూ శాఖ ఆన్‌లైన్ భూమి రికార్డు) ఇంకా మీ పేరునే ఉంటే, లేని భూమికి మీరు అనర్హులవుతారు. సచివాలయంలో ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టినా తిరిగొస్తుంది, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. చెయ్యాల్సింది ఇది: మీభూమి వెబ్‌సైటులో 1బీ (మీ పేరున ఉన్న భూముల పట్టిక), అడంగల్ (సాగు వివరాల పట్టిక) తీసి చూడండి. అమ్మిన సర్వే నంబరు కనపడితే రిజిస్టరైన దస్తావేజు నకలుతో, కొన్నవారి పేరున మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) పెట్టించండి. రికార్డు మారాక అప్పుడు అర్హత తిరిగి చూడమని అర్జీ పెట్టండి. ముందు అర్జీ పెట్టి తర్వాత మ్యుటేషన్ అంటే రెండు పనులూ చెడతాయి. కరెంటు మీటరుకీ ఇదే సూత్రం. అద్దె వాటాల మీటర్లన్నీ ఒకే ఆధార్‌కి ముడిపడి నెలకి 300 యూనిట్ల పరిమితి దాటితే, సరిచేయాల్సింది విద్యుత్ సంస్థ దగ్గర.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీసేటప్పుడు జిల్లా పేరు మీద బుర్ర పాడు చేసుకోకండి. ఆ దస్తావేజు ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరైందో అదే కీలకం. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందువి ఆఫీసుకి వెళ్లి పుస్తకాల్లో వెతికించాల్సిందే. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్సెల్ నంబరు వచ్చింది. అన్నదమ్ముల వాటాలు కలిపి ఒకే నంబరు వేసేసిన చోట్ల, విడగొట్టించుకోకపోతే బ్యాంకులోనూ అమ్మకంలోనూ చిక్కే.

కౌలు రైతుకి మాత్రం ఈ మార్పులేవీ అంటలేదు. 2019 చట్టం కింద కౌలు కార్డుకి భూయజమాని సంతకం కావాలి, కార్డు 11 నెలలకే. డెల్టాలో సాగులో పెద్ద వంతు కౌలు మీదే నడుస్తుంది, ఆసాములు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, సంతకం పెట్టరు. తుఫాను పరిహారం ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో రాసే ఆన్‌లైన్ నమోదు) పేరున్న వాళ్లకే. అందుకని సచివాలయంలో జాబితా అతికించిన రోజే వెళ్లి చూసుకుని, పేరు లేకపోతే అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వాలి. డబ్బు పడ్డాక వెళితే చెయ్యగలిగేదేమీ ఉండదు.

కలెక్టరేటు

సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అంతర్వేది వైపు నుంచి కాకినాడ పోయే రోజులతో పోలిస్తే అమలాపురం పెద్ద ఊరటే. అందుకే 3 మార్కులు. తగ్గించిన రెండూ ఎందుకంటే, నేరుగా కలెక్టరుకిచ్చిన అర్జీ చాలాసార్లు తిరిగి మీ తహసీల్దారుకే పోతుంది. మండలంలో ముందు ఇచ్చి, ఆ రశీదు నంబరు చూపిస్తూ పై మెట్టుకి వెళితే దానికి విలువ. ఒక అర్జీలో ఒక సమస్యే రాయండి. గట్టు తగువు, రేషన్ కార్డు, పింఛను మూడూ ఒకే కాగితంలో పెడితే మూడు శాఖల్లో ఏదో ఒకటి సమాధానం రాసి మూసేస్తుంది. ఫోన్ చేయాలంటే 1100.

2022కి ముందు నాటి ఉత్తర్వు నకలు కావాలంటే, దస్త్రం అమలాపురం వచ్చిందా, కాకినాడ రికార్డు రూములోనే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. నోటిమాటగా అడిగితే ఇద్దరూ ‘అక్కడే ఉంటుందండి’ అంటారు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. దస్త్రం వేరే ఆఫీసులో ఉంటే 6(3) సెక్షన్ ప్రకారం 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలి, మిమ్మల్ని తిప్పకూడదు. దస్త్రం నంబరు, సంవత్సరం తెలిస్తే రాయండి, లేకపోతే వెతుకులాట పేరుతో నెలలు పోతాయి.

కదలనివి

జిల్లా పరిషత్తులు 13గానే మిగిలాయి. 2021లో ఎన్నికైన పాలకవర్గాల పదవీకాలం తీరేదాకా కోనసీమ జడ్పీ ఉన్నత పాఠశాల ఏ జడ్పీ కిందిది అంటే కాకినాడది, భీమవరం వాళ్లకి ఏలూరుది. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుల ప్రధాన కార్యాలయాలూ ఆ రెండు ఊళ్లలోనే. న్యాయ జిల్లాలు కూడా పాత హద్దుల్లోనే నడిచాయి. ప్రధాన జిల్లా కోర్టు ఉమ్మడి తూర్పుకి రాజమహేంద్రవరంలో, ఉమ్మడి పశ్చిమకి ఏలూరులో.

కాలవ సంగతి వేరు. ధవళేశ్వరం కింద సుమారు 10 లక్షల ఎకరాలు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా సాగవుతాయి. నీటి పారుదల శాఖ డివిజన్లు కాలవల్ని బట్టే ఉంటాయి. శివారు చేలకి నీరందకపోతే కలెక్టరేటుకి పరుగెత్తే ముందు, మీ చేను ఏ ఛానల్ కింద ఉందో, ఆ నీటి వినియోగదారుల సంఘం ఏదో చెప్పి సెక్షన్ ఇంజనీరుకి రాయండి. తూము నంబరు రాస్తే ఆయన చూడాల్సిన చోటు నేరుగా దొరుకుతుంది. ఈ ఒక్క శాఖని జిల్లాల లెక్కన ముక్కలు చేయకపోవడం మాత్రం డెల్టాకి జరిగిన మేలు.

రాష్ట్రపతి ఉత్తర్వు, ఉద్యోగాలు

రాజ్యాంగం 371డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానిక కేడర్లని పాత జిల్లాలు, జోన్ల లెక్కన కట్టింది. ఉభయ గోదావరులూ కృష్ణా కలిపి రెండో జోన్. దీన్ని మార్చడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో లేదు, రాష్ట్రపతే మార్చాలి. తెలంగాణ తన కొత్త జిల్లాలకి 2018లో వేరే ఉత్తర్వు తెచ్చుకుంది. ఇక్కడ 2022లో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకి ‘ఆర్డర్ టు సర్వ్’ పద్ధతిలో పంపారు. అంటే పని అమలాపురంలో, సీనియారిటీ పాత జిల్లా లెక్కలో.

అభ్యర్థులకి దీనితో నేరుగా పనుంది. 2025 డీఎస్సీ (టీచర్ల నియామకం) కూడా ఉమ్మడి 13 జిల్లాల లెక్కనే జరిగింది. రావులపాలెం అభ్యర్థి ఆధార్‌లో కోనసీమ ఉందని కోనసీమ కోసం వెతక్కూడదు, స్థానిక జిల్లా ఉమ్మడి తూర్పు గోదావరే. స్థానికత తేలేది నివాసంతో కన్నా ముందు చదువుతో: అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. అది కుదరకపోతే ఏడేళ్ల లెక్క. కాబట్టి 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు, మధ్యలో బడి మారితే ఆ బడిదీ, ముందే తెచ్చి పెట్టుకోవాలి. మూతపడిన ప్రైవేటు బడి అయితే రికార్డులు ఎక్కడికి చేరాయో మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో కనుక్కోండి. నోటిఫికేషన్ పడ్డాక అక్కడ వరస పెద్దదవుతుంది.

మిగతావి చిల్లర సంగతులు. పిన్‌కోడ్ తపాలా వాళ్లది, జిల్లాతో మారలేదు. అమలాపురం 533201, భీమవరం 534201 అలాగే ఉన్నాయి. బండి నంబరుకీ భయం లేదు, 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతా ఒకే సిరీసు. వాట్సాప్‌లో 9552300009 నంబరుతో 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర, బిల్లు కట్టడానికి, ఫిర్యాదు పెట్టడానికి, ఇదివరకే ఉన్న పత్రం తీసుకోవడానికి బాగానే పనిచేస్తుంది. విచారణ అవసరమైన పని దేనికైనా అందులో పెట్టిన దరఖాస్తు చివరికి అదే వీఆర్వో దగ్గరికి వస్తుంది, కాబట్టి నంబరు రాసుకుని మూడో రోజు సచివాలయంలో ఓసారి కనపడండి.